దానం ఇచ్చాక లెక్క చూసే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి బీకాం తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చేసింది. ఒక ట్రస్టులో ‘మానిటరింగ్ అండ్ ఎవాల్యుయేషన్’ ఉద్యోగంలో చేరతానంటోంది. దానధర్మాలు చేసే చోట ఇదేం ఉద్యోగమో మాకు అర్థం కావడం లేదు. బ్యాంకు పరీక్షలు రాయమంటే వినదు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. హుండీలో వేసిన డబ్బుకు మనం లెక్క అడగం. ట్రస్టులు అడుగుతాయి. గ్రాంటు ఇచ్చేటప్పుడే ఏ పనికి, ఎన్ని ఊళ్లలో, ఎప్పటిలోగా అని ఒప్పందం రాసుకుంటాయి. డబ్బు చాలావరకు విడతలుగానే ఇస్తాయి. మొదటి విడతకు యూసీ, అంటే యుటిలైజేషన్ సర్టిఫికెట్, దాంతోపాటు పని నివేదిక అందితేనే రెండో విడత కదులుతుంది. ఆ కాగితాలు చదివి, ఊరికి వెళ్లి సరిచూడటమే మానిటరింగ్. బిల్లులో ఇరవై కుట్టుమిషన్లు ఉంటే ఆ ఇరవై మీదా ఎవరైనా కుడుతున్నారా, లేక గోనెపట్టా కప్పి మూలన పెట్టారా అని చూడాలి. బీకాం చదివింది కాబట్టి బిల్లులు ఆమెకు కొత్త కాదు.

ఎవాల్యుయేషన్ వేరు. ఆ డబ్బు వల్ల నిజంగా మేలు జరిగిందా అని తేల్చడం అది. కష్టమంతా అక్కడే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ కూడా పాలుపంచుకున్న ఒక పెద్ద పరిశోధన మొదలైంది. అందులో భాగంగా లాటరీ వేసి ఎంచిన 100 ప్రభుత్వ బడులకు ఒక్కో విద్యార్థికి ఏడాదికి 125 రూపాయల చొప్పున గ్రాంటు ఇచ్చి, గ్రాంటు లేని మరో 100 బడులతో పోల్చారు. మొదటి ఏడాది మార్కులు పెరిగాయి. రెండో ఏడాది ఆ లాభం కనిపించలేదు. దొంగ లెక్కలేమీ కారణం కాదు. గ్రాంటు డబ్బుతో బడిలోనే నోటుపుస్తకాలు ఇస్తారని తెలిశాక తల్లిదండ్రులు ఆ మేరకు తమ ఖర్చు తగ్గించుకున్నారు. యూసీలు ఎన్నిసార్లు తిరగేసినా ఈ సంగతి తెలియదు. ‘ఈ ఏడు పిల్లాడి చదువుకు ఎంత పెట్టారమ్మా’ అని ఇంటింటికీ వెళ్లి అడిగితేనే తెలుస్తుంది.

అవకాశాలకు లోటు లేదు. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలన్న నిబంధన 2014 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. అలా ఖర్చు చేయాల్సిన మొత్తం ఏటా సగటున 10 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు కోటి రూపాయలకు తగ్గని ప్రాజెక్టుల ఫలితాలను బయటి సంస్థతో మదింపు చేయించాలని 2021లో చేర్చారు. అందుకే ట్రస్టుల్లోనే కాదు, ఇలా మదింపు చేసే సంస్థల్లోనూ ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

కష్టాలూ ఉన్నాయి. చాలా పోస్టులు ప్రాజెక్టు నడిచినంత కాలమే. నెలలో చాలా రోజులు తిరుగుడు. పల్లెల్లో బస, ప్రయాణ ఖర్చులు ఎవరు చూస్తారో ఆఫర్ లెటర్‌లో రాయించుకోమనండి. ఎక్సెల్ గట్టిగా రావాలి, శాంపిల్, అంటే సర్వేకు కొందరినే ఎలా ఎంచుకుంటారో తెలియాలి, ఫోన్‌లో సర్వే చేసే కోబో లాంటి టూల్స్ అలవాటు కావాలి. నివేదిక ఇంగ్లిష్‌లో రాయాలి, నిజం మాత్రం మీ సీమ యాసలో మాట్లాడితేనే బయటపడుతుంది. ఆ విషయంలో మీ అమ్మాయి ముందే ఉంది.

రెండేళ్లు చేయనివ్వండి. బ్యాంకు ఆఫీసర్ ఉద్యోగాల ఐబీపీఎస్ పీఓ పరీక్షకు జనరల్ అభ్యర్థులకే 30 ఏళ్ల దాకా వీలుంది కాబట్టి ఆ దారి మూసుకుపోదు. అయితే చేరేముందు ట్రస్టువాళ్లను ఒక మాట అడగమనండి: ‘మీ టీమ్ నివేదిక చూసి ఈ మధ్య ఏ గ్రాంటునైనా ఆపారా, మార్చారా?’ ఒక్క ఉదాహరణ చెప్పినా చేరమనండి. నీళ్లు నమిలితే, అక్కడ ఆమె పని ఫైళ్లు నింపడమే.