సుమత్రా వెళ్లే ముందు ఓ కత్తి కొనుక్కో

సైనిక్‌పురి, హైదరాబాద్

చి. అమ్ములుకి,

మామయ్య ఆశీస్సులు. పామాయిల్ కొనుగోళ్ల పని మీద నిన్ను ఇండోనేషియాలోని సుమత్రా దీవికి పంపిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఆ పనిలోనే జుట్టు నెరిసినవాణ్ణి కదా, అడక్కపోయినా నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు నా తప్పు చెప్తాను. పామాయిల్ తోటల కోసం అడవులు కొట్టేస్తున్నారన్న గొడవ మన మీదకు రాకూడదని ఒకసారి ఓ ఊరి చిన్న రైతుల సరుకంతా ఆపించేశాను. కాగితాలు లేవన్నదే కారణం. ఆఫీసులో శభాష్ అన్నారు. రెండేళ్ల తర్వాత వెళ్తే అవే గెలలు దళారి లారీలో ఇంకో మిల్లుకు పోతున్నాయి, అదీ తక్కువ ధరకు. ఆ లోటు పూడ్చుకోడానికి ఊరి వెనక గుట్ట మీద ఇంకాస్త అడవి కొట్టేశారు. ఇండోనేషియా పామాయిల్ తోటల్లో దాదాపు 40 శాతం చిన్న రైతులవే. వాళ్లను వదిలేసి అడవిని కాపాడతానంటే కుదరదమ్మా.

అసలు కిటుకు కాయలో ఉంది. చిన్న కత్తి దగ్గర పెట్టుకుని, పండిన కాయను అడ్డంగా కోసి చూడు. పెంకు పల్చగా, చుట్టూ గుజ్జు మందంగా ఉంటే టెనెరా, మంచి రకం. పెంకు మందంగా, గుజ్జు తక్కువగా ఉంటే డ్యూరా, నూనె తక్కువ వస్తుంది. చౌకగా దొరికాయనో, చెట్టు కింద మొలిచాయనో తెచ్చి నాటిన మొక్కల్లో ఈ డ్యూరా కలిసిపోతుంది. మోసపోయానని రైతుకు తెలిసేసరికి మూడు నాలుగేళ్లు పోతాయి. తోటేమో పాతికేళ్లు ఉంటుంది. రాబడి చాలకపోతే అతని చూపు అడవి మీద పడక ఎక్కడ పడుతుంది? అందుకే మంచి మొక్కలకీ, తిరిగి నాటిన తోట కాపుకొచ్చేదాకా వాళ్ల ఇల్లు గడవడానికీ మీ కంపెనీ చేత డబ్బు పెట్టించు. ఒప్పుకోరు. మళ్లీ అడుగు. బదులుగా కొత్తగా అడవి కొట్టం అని ఊరి చేత రాయించుకో.

కోసిన గెల ఇరవై నాలుగు గంటల్లో మిల్లు చేరకపోతే నూనె పాడవుతుంది. అంటే సరుకు ఎంతో దూరం నుంచి రాదు. మ్యాపులో మిల్లు చుట్టూ ఆ మేర చూస్తే, అందులో అడవి ఎంతుందో, గెలలు ఎక్కడివో సగం అర్థమవుతుంది. తోటల హద్దులు జీపీఎస్‌తో నువ్వే దగ్గరుండి నమోదు చేయించు. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి కొట్టిన నేల సరుకు తమకొద్దని యూరప్ చట్టం చేసుకుంది. దాని అమలు వాయిదాలు పడుతున్నా, ఆ తేదీ గుర్తుంచుకో. తడి బొగ్గులాంటి నల్లటి నేలలో కొత్తగా తవ్విన కాలువలు కనిపిస్తే ఆ సరుకు ముట్టుకోకు. ఆ నేల ఎండితే లోలోపలే తగలబడుతుంది. 2015లో సింగపూర్ దాకా కమ్మిన పొగలో చాలాభాగం దానిదే.

పామాయిల్ మానేసి సోయా కొందామనే తెలివైనవాళ్లు మీ ఆఫీసులోనూ ఉంటారు. హెక్టారుకు పామాయిల్ సుమారు 3 టన్నులు, సోయా నూనె అర టన్ను. లెక్క వాళ్లనే వేసుకోమను.

వెళ్లేలోపు ఓ రాత్రి బస్సెక్కి అశ్వారావుపేట వెళ్లి గెలలు కోయడం చూసిరా. మోకాళ్ల దాకా వచ్చే బూట్లు తీసుకో. కత్తి మాత్రం పెద్ద సూట్‌కేసులో పెట్టు, చేతి సంచిలో ఉంటే శంషాబాద్‌లోనే లాగేసుకుంటారు.

నీ మామయ్య