బేవుల్ఫ్‌లో క్రైస్తవం తర్వాత అతికించినదేనా?

మీరు అడిగింది ఇది: ప్రాచీన ఇంగ్లీషు కావ్యం బేవుల్ఫ్ అసలు పాత వీరగాథేనా, అందులోని క్రైస్తవ మాటలు తర్వాత మఠాల్లో లేఖకులు చేర్చినవా?

ఎం.ఏ.లో నేనూ అలాగే అనుకున్నాను. నోట్సు పేజీ మధ్యలో గీత గీసి ఇటు క్రైస్తవం, అటు వీరధర్మం అని రాసుకున్నాను. కత్తి పిడి ఘట్టం దగ్గరికి వచ్చేసరికి ఆ గీత నిలవలేదు.

గ్రెండెల్ అనే రాక్షసుడి తల్లిని చంపాక కావ్యనాయకుడు బేవుల్ఫ్ గ్రెండెల్ తలతో పాటు ఒక కత్తి పిడి తెస్తాడు. కత్తి అలుగు ఆ వేడి రక్తానికి మంచుగడ్డలా కరిగిపోయింది. డేన్ల, అంటే డెన్మార్క్ వాళ్ల, ముసలి రాజు హ్రోత్‌గార్ దాన్ని చేతిలోకి తీసుకుని చూస్తాడు. రాక్షసజాతిని జలప్రళయం ముంచేసిన కథ దాని మీద చెక్కి ఉంటుంది. అది పట్టుకునే గెలిచిన కుర్రాడికి బుద్ధి చెబుతాడు: గర్వపడకు, ఈ బలం కొన్నాళ్లే, జబ్బో కత్తో, నిప్పో నీళ్లో, ఏదీ కాకపోతే ముసలితనమో తీసుకుపోతుంది. ఇందులో వీరధర్మం ఎక్కడ ఆగింది, బైబిలు ఎక్కడ మొదలైంది? అతికించినదైతే పీకితే ఊడిరావాలి కదా. గ్రెండెల్ బైబిల్లో తమ్ముణ్ణి చంపిన కయీను సంతతి అంటాడు కవి; ఆ కయీనును తీసేస్తే గ్రెండెల్‌కు వంశమే లేదు. పైగా మనకున్నది 1000వ సంవత్సరం ప్రాంతపు ఒకే ఒక్క ప్రతి. క్రైస్తవం లేని పాత ప్రతి ఎవరి దగ్గరా లేదు.

అయినా మొత్తం 3182 పంక్తుల్లో క్రీస్తు పేరు ఒక్కసారీ రాదు. గ్రెండెల్ భయంతో డేన్లు తమ గుళ్లలో బలులు మొక్కుకున్నారని, వాళ్లకు దేవుడు తెలియదని కవి బాధగా చెబుతాడు. ఆ పంక్తులు చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గొంతు వినిపించింది. మాది తాతల కాలంలో క్రైస్తవం తీసుకున్న కుటుంబం. ముత్తాత బాప్తిస్మం తీసుకోకుండానే పోయాడు. వరదలో ఆయన ఊరి గేదెల్ని ఒడ్డుకు చేర్చిన సంగతి నాయనమ్మ ఎంతో గొప్పగా చెప్పేది. చెప్పి చెప్పి చివర్లో గొంతు తగ్గించి, "ఆయనకి ప్రభువు తెలియలేదురా" అనేది. ఆ మాటలో తప్పు పట్టడం ఉండేది కాదు, బెంగ ఉండేది. బేవుల్ఫ్ కవిదీ అదే బెంగ అని నా నమ్మకం.

ఈ పాత వీరుల్ని అభిమానించడం ఆ రోజుల్లో అందరికీ నచ్చలేదు. ఆల్క్విన్ అనే పండితుడు 797లో ఒక బిషప్పుకు ఉత్తరం రాస్తూ, ఇంగెల్డ్ అనే పాత వీరుడికి క్రీస్తుతో ఏం పని అని నిలదీశాడు. ఆ ఇంగెల్డ్ బేవుల్ఫ్‌లోనూ కనిపిస్తాడు!

చివర్లో బేవుల్ఫ్‌ను చితి మీద దహనం చేస్తారు. పన్నెండుమంది రౌతులు సమాధి దిబ్బ చుట్టూ తిరుగుతూ ఆయన్ను పొగుడుతారు. అందరికన్నా దయగలవాడు, అందరికన్నా కీర్తి కోరినవాడు అంటారు. కావ్యంలో ఆఖరి మాట ఆ కీర్తికాంక్షే. క్రైస్తవ శ్రోతకు అది పొగడ్తో, లోపమో కవి తేల్చలేదు.

మీరు 1687వ పంక్తి నుంచి, అంటే ఆ పిడి దగ్గర మొదలుపెట్టి చదవండి. తర్వాత ఈ ఆఖరి మాట దగ్గరికి వెళ్లండి.