తాళం వెనక నుంచి వస్తుంది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

టెక్సాస్‌లో పెరిగి, అక్కడి డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్‌లో పోటీల్లో వాయించి, ఇప్పుడు బెంగళూరులో స్కూల్ పిల్లలకు బ్యాండ్ నేర్పుతున్న ఒక పాఠకురాలిని కిందటి సంచికలో పరిచయం చేశాం. ఆమెకు వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఆమె రాసిన జవాబులివి.

*

ప్రశ్న: డ్రమ్ కోర్ అంటే మన ఎన్‌సీసీ బ్యాండ్ లాంటిదేనా? వంద మందికి పైగా గ్రౌండ్ అంతా తిరుగుతూ వాయిస్తుంటే తాళం తప్పకుండా ఎలా ఉంటుంది? అన్ని డ్రమ్ములు ఉండగా ముందు నిలబడి చేతులూపే మనిషి దేనికి?
– ఒక ఇంజనీరు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: మీ రెండో, మూడో ప్రశ్నలు నాకు చాలా ఇష్టమైనవి. మొదటిదానికి త్వరగా చెప్పేసి అక్కడికి వస్తాను.

పుట్టుక ఎన్‌సీసీ బ్యాండ్ లాగే సైన్యం నుంచే. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మాజీ సైనికుల సంఘాలు ఊళ్ళలో డ్రమ్ములు, బ్యూగిళ్ళతో జట్లు (కోర్‌లు) కట్టించాయి. వాటి మధ్య పోటీలు పెరిగాయి. 1971లో కొన్ని కోర్‌లు కలిసి డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పెట్టుకున్నాయి. 1972లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో దాని మొదటి ఛాంపియన్‌షిప్ జరిగింది, కాలిఫోర్నియాకి చెందిన అనహైమ్ కింగ్స్‌మెన్ గెలిచింది. వాయిద్యాలు ముఖ్యంగా రెండు రకాలు: ఇత్తడివి, తాళవాద్యాలు. క్లారినెట్, ఫ్లూట్ ఉండవు. వీళ్ళతో పాటు జెండాలు, చెక్క రైఫిళ్ళు ఎగరేసి పట్టుకుంటూ నాట్యం చేసే కలర్ గార్డ్ ఉంటుంది. పది పన్నెండు నిమిషాల ప్రదర్శన అంతా చూడకుండా, కంఠతా వాయించాలి. నేను వాయించింది మెలోఫోన్. ఫ్రెంచ్ హార్న్ పలికే స్థాయిలోనే పలుకుతుంది, కానీ గంటలా విచ్చుకున్న దాని మూతి వెనక్కి కాకుండా ముందుకి, జనం వైపు ఉంటుంది.

ఇక తాళం. చిన్నస్వామి స్టేడియంలో పై వరసల్లో కూర్చుని మ్యాచ్ చూసినవాళ్ళకి తెలుసు, బంతికి బ్యాటు తగలడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వస్తుంది. మా కష్టమంతా అదే. అమెరికన్ ఫుట్‌బాల్ గ్రౌండ్ ఒక గోల్ లైన్ నుంచి ఇంకో గోల్ లైన్‌కి 100 గజాలు, అంటే 91 మీటర్లు. శబ్దం సెకనుకి సుమారు 345 మీటర్లు పోతుంది. ఈ చివర నుంచి ఆ చివరకి పావు సెకను పైనే పడుతుంది. పాట నిమిషానికి 160 బీట్ల వేగంలో ఉంటే ఒక్కో బీటు 0.375 సెకను. అవతలి చివర కొట్టిన దెబ్బ మన చెవికి చేరేసరికి బీటులో మూడింట రెండు వంతులు అయిపోయిందన్నమాట. అందరూ తమ చెవికి వినబడిన దానితో కలిపి వాయిస్తే, స్టాండ్‌లో కూర్చున్నవాళ్ళకి వినిపించేది గందరగోళం.

దీనికి కోర్‌లు కనిపెట్టుకున్న దారి ఇది. డ్రమ్ములు చాలాసేపు గ్రౌండ్ మధ్యలో, వెనక వైపు ఉంటాయి. వాటిలో నడుమ ఉన్న స్నేర్ (మన సైడ్ డ్రమ్ లాంటిది) వాయించే మనిషి పాదాలే తాళం. డ్రమ్ మేజర్ ఆ పాదాలు చూసి తాళాన్ని చేతుల్లోకి తీసుకుంటాడు. చేతులూపే మనిషి దేనికి అన్నారు కదా, అందుకు. వెలుతురు ఆలస్యం చెయ్యదు, చెయ్యి కిందికి దిగిన క్షణం గ్రౌండ్ రెండు చివర్లకీ ఒకేసారి కనబడుతుంది. అందువల్ల పక్కల్లో దూరంగా ఉన్నవాళ్ళు చెవిని వదిలేసి కంటిని నమ్మాలి. డ్రమ్ములకి నేరుగా ముందున్నవాళ్ళు మాత్రం వెనక నుంచి వచ్చే శబ్దంతో కలిపి వాయించాలి. అప్పుడు ఆ శబ్దం, వీళ్ళ శబ్దం కలిసే జనం దగ్గరికి ప్రయాణిస్తాయి. గ్రౌండ్‌కి ముందు అంచున కదలకుండా ఉండే మరింబాలు, జైలోఫోన్ల (పలకల మీద కర్రలతో వాయించేవి) బృందాన్ని పిట్ అంటారు. వాళ్ళు డ్రమ్ మేజర్‌ని చూడడం కన్నా ఎక్కువగా వెనక్కి చెవి పెట్టి వింటారు.

చెప్పడానికి ఇంతే, చెయ్యడం చాలా కష్టం. మా షోలో ఒకచోట నేను ఎడమ చివర 20 గజాల గీత దగ్గర ఉండేదాన్ని. డ్రమ్ మేజర్ చెయ్యి దిగుతుంది, నేను స్వరం పలికిస్తాను, నా స్వరం మొదలయ్యాక డ్రమ్ముల దెబ్బ వచ్చి చెవిలో పడుతుంది. ప్రతి బీటుకీ నేనే తొందరపడుతున్నానని చెవి పోరు పెట్టేది. మా ఇత్తడి వాయిద్యాల టీచర్ ఒకే మాట పదేపదే అనేవారు: "అక్కడ నిలబడి నీకు బాగా కలిసినట్టు వినిపిస్తోందంటే, నువ్వు ఆలస్యంగా ఉన్నావు." జూన్ ఎండలో, నేల నుంచి సెగ కొడుతుంటే, అవే ఎనిమిది కొలతలు (తాళం ఆవర్తాలు) సాయంత్రం దాకా. ఒకరోజు పైన ప్రెస్ బాక్స్ నుంచి తీసిన రికార్డింగ్ వినిపించారు. మెలోఫోన్లు, స్నేర్‌లు ఒక్క దెబ్బలా పడ్డాయి. గ్రౌండ్‌లో ఉన్నంతసేపూ నాకు ఒక్కసారి కూడా అలా వినిపించలేదు. నేను వాయించే పాట నాకోసం కాదు, అరవై మీటర్ల అవతల కూర్చున్న మనిషి కోసం అని నాకు నిజంగా అర్థమైంది అప్పుడే. ఈ రోజుకీ సంగీతం గురించి నాకు తెలిసిన వాటిల్లో దీన్నే మొదట చెబుతాను.

శనివారాల్లో హొరమావు దగ్గర ఒక స్కూల్ గ్రౌండ్‌లో పిల్లలకి ఇదే చేసి చూపిస్తాను. సున్నంతో గీతలు గీసి, రెండు చివర్లా ఇద్దర్ని సైడ్ డ్రమ్ములతో నిలబెట్టి, ఒకరిది విని ఒకరు కలిపి కొట్టమంటాను. కాసేపటికి పాట నెమ్మదించిపోతుంది. "మేడమ్, వాడు లేట్" అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెబుతారు. ఇద్దరు చెప్పేదీ నిజమే. తర్వాత మధ్యలో ఒక పిల్లని నిలబెట్టి చెయ్యి ఊపమంటాను, చెవి సంగతి మర్చిపోయి చేతినే చూడమంటాను. మిగతావాళ్ళని గేటు దగ్గర నిలబెడతాను వినడానికి. రెండు డ్రమ్ములు కలిసిపోయాయని మొదట కేక పెట్టేది వాళ్ళే.

*

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్ బ్యాండ్‌లో బ్యూగిల్ ఇచ్చారు. పళ్ళకి క్లిప్పులు ఉన్నాయి, పెదవి లోపల పుండ్లు పడుతున్నాయి. పై స్వరం రావడం లేదని ఏడుస్తుంది. రిపబ్లిక్ డే ప్రాక్టీసని ఎండలో గంటలు గంటలు నిలబెడుతున్నారు. మా వారు మాన్పించేయమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యను?
– ఒక తల్లి, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మాన్పించకండమ్మా, కానీ కొన్ని మార్చండి.

క్లిప్పులు ఉన్నా బ్యూగిల్ వాయించవచ్చు. మా కోర్‌లో అలా వాయించినవాళ్ళు ఉన్నారు. క్లిప్పుల మీద అద్దుకునే మైనం పళ్ళ డాక్టర్ దగ్గరే దొరుకుతుంది. పాప బ్యూగిల్ వాయిస్తుందని డాక్టరుకి ముందే చెప్పండి. తీగ బిగించిన రోజుల్లో ఊదడం మానేసి, శ్వాస, అడుగులు మాత్రం ప్రాక్టీస్ చెయ్యమనండి. పుండు మానేదాకా మౌత్‌పీస్ ముట్టుకోనివ్వకండి.

పై స్వరం సంగతి. వాల్వులు లేని బ్యూగిల్ మీద పిల్లలు వాడేవి ఐదు స్వరాలే: కింది షడ్జమం, పంచమం, మధ్య షడ్జమం, గాంధారం, ఆ పైన పంచమం. పొద్దున్నే సైనికుల్ని నిద్రలేపే రెవెలీ నుంచి అమరులకి నివాళిగా వాయించే లాస్ట్ పోస్ట్ దాకా ఆ ఐదింటితోనే. వేళ్ళతో మార్చేదేమీ లేదు, పెదవి బిగింపు, ఊపిరి వేగం, రెండే. పై పంచమం రాని పిల్లలు బ్యూగిల్‌ని మూతికేసి గట్టిగా నొక్కుతారు. మీ అమ్మాయి పెదవి పుండుకి అదే కారణం అయ్యుండొచ్చు. నొక్కితే పెదవి కదలదు, స్వరం ఇంకా రాదు. రోజూ పది నిమిషాలు మధ్య షడ్జమం ఒక్కటే, నెమ్మదిగా, ఊపిరి ఉన్నంతసేపు పట్టమనండి. బ్యూగిల్‌ని ఎడమ చేత్తో తేలిగ్గా పట్టుకుని ఊదమనండి, నొక్కే బలం తగ్గుతుంది. పై పంచమం కోసం ఆరాటపడొద్దు, కింద గట్టిపడితే అదే వస్తుంది.

ఎండ గురించి మాత్రం మీరు స్కూలుకి వెళ్ళి మాట్లాడాల్సిందే. మేం ఎండలో రోజంతా చేసేవాళ్ళం, నిజమే. కానీ ప్రతి ఒక్కరికీ పెద్ద నీళ్ళ జగ్గు గ్రౌండ్ పక్కనే ఉండేది, తాగమని టీచర్లే ఆపి చెప్పేవాళ్ళు, టోపీ, సన్‌స్క్రీన్ లేకపోతే గ్రౌండ్‌లోకి రానిచ్చేవాళ్ళు కాదు. నీళ్ళు ఇవ్వకుండా నిలబెట్టడం క్రమశిక్షణ కాదు. ఆ మాట మర్యాదగానే, గట్టిగా చెప్పండి. డ్రమ్ముల ముందు వరసలో నిలబడుతుంటే చెవుల్లో పెట్టుకునే ఇయర్ ప్లగ్స్ కూడా కొనివ్వండి. పరీక్షల నెలలో ప్రాక్టీస్ తగ్గించమని అడగడంలో తప్పు లేదు.

మీ వారిని జనవరి 26న మానెక్‌షా పరేడ్ గ్రౌండ్‌కి రమ్మనండి. అక్కడ స్కూల్ పిల్లల్ని చూస్తే ఆయన మనసు మారొచ్చు.

*

ప్రశ్న: అమ్మా, నేను కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ బ్యాండ్‌లో సైడ్ డ్రమ్ వాయించాను. వానాకాలం వస్తే తోలు జారిపోయి డ్రమ్ము మూగబోయేది. మీ దగ్గర మార్కులు ఎలా వేసేవారు? మీకు మరవలేని రోజు ఏది?
– ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, పెరంబూరు, చెన్నై

జవాబు: నమస్కారం బాబాయ్ గారూ. మీ ఉత్తరం చదివి సంతోషమేసింది. ఇప్పటి కోర్ స్నేర్‌ల మీద తోలు కాదు, కెవ్లార్ అనే గట్టి నారతో చేసినది బిగిస్తారు, వానకి జారదు. అంత బిగువు మీద కర్ర పడితే చెయ్యి అదిరిపోతుంది.

మార్కులు మొత్తం వంద. వెనకటి రోజుల్లో వందతో మొదలుపెట్టి, కనబడ్డ ప్రతి తప్పుకీ దశాంశం చొప్పున కోసేవాళ్ళు. 1980ల్లో దాన్ని తీసేశారు. ఇప్పుడు మొత్తం మీద ప్రభావానికి 40, కంటికి కనబడేదానికి 30, సంగీతానికి 30. తేడాలు ఎంత సన్నగా ఉంటాయంటే, 2008 ఫైనల్స్‌లో ఫాంటమ్ రెజిమెంట్‌కి 98.125, బ్లూ డెవిల్స్‌కి 98.100.

మరవలేనిది 2004 ఆగస్టు, డెన్వర్. ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ అక్కడే. ఆ ఊరు సముద్ర మట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. మైదానాల నుంచి వెళ్ళిన మాకు, పరిగెడుతూ ఊదుతుంటే ఊపిరి సగంలోనే అయిపోయేది. పక్కపక్కనున్నవాళ్ళం ఒకేచోట ఊపిరి తీసుకోకుండా ముందే పంచుకుని ఉంటాం, అప్పుడే పాట తెగదు. డెన్వర్‌లో ఆ పంపకమంతా మళ్ళీ చేశాం. నా కుడి పక్కనున్న అమ్మాయి నాలుగో కొలతలో తీసుకుంటే నేను ఆరులో. ఆ అమ్మాయి ఊపిరి చప్పుడు వినగానే నేను గట్టిగా పట్టాలి, నా వంతు వచ్చినప్పుడు తను పడుతుంది. ఇద్దరం రాత్రి స్కూల్ జిమ్‌లో, నేల మీద గాలి పరుపుల మీద పడుకుని, వేళ్ళతో బీట్లు లెక్కపెడుతూ దాన్నే మళ్ళీ మళ్ళీ చేశాం.

ఫైనల్స్‌కి పన్నెండు కోర్‌లే వెళ్తాయి, మాది వెళ్ళలేదు. సెమీఫైనల్స్‌తో అయిపోయింది. వయసు పరిమితి 21, నాకు అదే చివరి ఏడాది. మరుసటి రాత్రి స్టాండ్‌లో కూర్చుని ఇల్లినాయ్‌కి చెందిన కావలియర్స్ గెలవడం చూశాను. వాళ్ళకి నిలబడి చప్పట్లు కొట్టాను. మనస్ఫూర్తిగానే కొట్టాను, వాళ్ళు గ్రౌండ్ రెండు చివర్ల నుంచీ ఒక్క దెబ్బలా వచ్చారు, అదెంత కష్టమో నాకు తెలుసు.

ఇంకొకటి కూడా చెప్పాలి. కోర్ వెంట వంట ట్రక్కు ఒకటి తిరుగుతుంది, పిల్లల అమ్మానాన్నలే సెలవు పెట్టి వచ్చి వండుతారు. మా అమ్మ ఒక వారం వచ్చింది. శాకాహారినని నాకు రోజూ బ్రెడ్డూ వేరుశెనగ వెన్నా పెడుతున్నారని చూసి, కోర్ అంతటికీ నిమ్మకాయ పులిహోర కలిపింది. జీవితంలో మొదటిసారి తింటున్న డ్రమ్మర్లు రెండోసారి లైన్‌లో నిలబడ్డారు. ఇంగ్లీషు అంతగా రాని మా అమ్మ, గరిటె పట్టుకుని ఒక్కొక్కరినీ "ఇంకొంచెం, ఇంకొంచెం" అని తెలుగులోనే అడిగింది. వాళ్ళకి అర్థమైంది.

*

ప్రశ్న: అక్కా, నాకు 19. చర్చిలో ట్రంపెట్ వాయిస్తాను. వచ్చే ఏడాది చదువుకి అమెరికా వెళ్తున్నాను. డ్రమ్ కోర్‌లో చేరవచ్చా?
– ఒక విద్యార్థి, కె.ఆర్. పురం, బెంగళూరు

జవాబు: చేరవచ్చు తమ్ముడూ, కానీ నీకు టైమ్ తక్కువ. 21 దాటితే తీసుకోరు, కాబట్టి వెళ్ళిన మొదటి చలికాలమే ఆడిషన్‌కి వెళ్ళు. ఆడిషన్ క్యాంపులు ఎక్కువగా నవంబరు నుంచి జనవరి లోపు ఉంటాయి. వీడియో పంపమనే కోర్‌లూ ఉన్నాయి. మే నెలలో శిక్షణ మొదలై ఆగస్టు దాకా టూర్, అంటే వేసవి ఉద్యోగం, ఇంటర్న్‌షిప్ రెండూ కుదరవు. ఫీజు కొన్ని వేల డాలర్లు ఉంటుంది, ఇంట్లో ముందే మాట్లాడు. వీసా విషయం కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుని అడిగి తెలుసుకో.

ఈలోపు ఇక్కడ చెయ్యాల్సినవి: స్కేళ్ళన్నీ చూడకుండా వాయించు. మెట్రోనోమ్ పెట్టుకుని, నడుస్తూ వాయించు, ముందుకే కాదు, మునివేళ్ళ మీద వెనక్కి కూడా. కోర్‌లో ఐదు గజాలకి ఎనిమిది అడుగులు, అంటే ఒక్కో అడుగు ఇరవై రెండున్నర అంగుళాలు. టేపుతో కొలిచి ఇంటి డాబా మీద గీతలు గీసుకో, కాలికి ఆ కొలత అలవాటు కావాలి. శనివారం పొద్దున ఖాళీ ఉంటే ట్రంపెట్ తీసుకుని మా గ్రౌండ్‌కి రా. వెనక్కి నడుస్తూ ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఉత్తరంలో రాయలేను, చూపిస్తాను.