రీకౌంటింగ్‌లో ‘నో ఛేంజ్’ అన్నారు... లెక్కల పేపర్ మళ్లీ దిద్దించవచ్చా?

ప్రశ్న: మాది బాపట్ల జిల్లాలో ఒక పల్లె. నేను కౌలు రైతును. మా అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి రాసింది. ప్రీఫైనల్‌లో లెక్కల్లో 94 వచ్చాయి. పబ్లిక్ పరీక్ష రాసి వచ్చిన రోజు కూడా ‘నాన్నా, 93కి తగ్గవు’ అంది. తీరా ఫలితాల్లో 53 వేశారు. మిగతా ఐదు సబ్జెక్టుల్లో కలిపి 482 వచ్చాయి. 500 కట్టి రీకౌంటింగ్ పెట్టాం. ‘నో ఛేంజ్’ అని వచ్చింది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటు ఖాయమనుకున్నాం, జాబితాలో పేరు లేదు. పిల్ల అన్నం సరిగా తినడం లేదు, గదిలోంచి బయటికి రావడం లేదు. ఫలితాలొచ్చి రెండున్నర నెలలైంది. మా ఊళ్లో రిటైరైన గుమాస్తా ఒకాయన ‘కన్స్యూమర్ కోర్టులో వేయి, రెండేళ్ల గడువుంది, కంగారేం లేదు’ అంటున్నారు. ఇంకొకాయన తనకు బోర్డులో మనిషి ఉన్నాడని, 60 వేలిస్తే మార్కులు మార్పించి కొత్త మెమో తెప్పిస్తానని అంటున్నాడు. పేపర్ వేరే టీచర్ చేత మళ్లీ దిద్దించాలి. మా పిల్ల జీవితంతో ఆడుకున్న ఆ దిద్దినాయన మీద కేసు పెట్టాలి. ఎలాగో చెప్పండి సార్. - ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరంలో అక్కరకొచ్చే అంకెలు రెండే. 93, 53. తేడా సరిగ్గా 40. మీ రాష్ట్రంలో పదో తరగతి లెక్కల పేపర్‌లో 33 ప్రశ్నలు, నాలుగు సెక్షన్లు ఉంటాయి. మార్కు ప్రశ్నలు పన్నెండు, రెండు మార్కులవి ఎనిమిది, నాలుగు మార్కులవి ఎనిమిది, చివర ఎనిమిది మార్కులవి ఐదు. ఆ చివరి సెక్షన్ మొత్తం 40 మార్కులు. మీ అమ్మాయి వేసుకున్న అంచనా నిజమైతే, ఆ ఐదు జవాబులున్న పేజీలు అసలు దిద్దకుండా వదిలేశారేమోనన్న అనుమానం గట్టిగా వస్తుంది. అయితే ఇది అనుమానమే. కాకతాళీయం కూడా కావచ్చు. కోర్టు అనుమానం మీద ఉత్తర్వు ఇవ్వదు, జవాబు పత్రం చూసి ఇస్తుంది. ఆ పత్రం మీ చేతిలో లేదు. కేసంతా అక్కడే ఆగింది.

అది మీ చేతిలో ఉండాల్సింది. ఫలితాల తర్వాత బోర్డు రెండు దారులిస్తుంది. సబ్జెక్టుకు 500 కడితే రీకౌంటింగ్, 1000 కడితే రీవెరిఫికేషన్ (దిద్దకుండా వదిలేసిన జవాబులున్నాయేమో కూడా చూడడం), దాంతో పాటు దిద్దిన జవాబు పత్రం కాపీ. రీకౌంటింగ్‌లో చేసేది వేసిన మార్కులు మళ్లీ కూడడమే. కిరాణా చీటీలో కూడిక సరిచూసినట్టు. చీటీకి ఎక్కని సరుకు సంగతి కూడికకు తెలియదు. దిద్దని జవాబుకు మార్కే పడలేదు కాబట్టి ఎన్నిసార్లు కూడినా 53 దగ్గరే ఆగుతుంది. అంటే ఆ ‘నో ఛేంజ్’ వల్ల మీ అమ్మాయి పేపర్ సరిగా దిద్దారని తేలలేదు, దిద్దలేదనీ తేలలేదు. 40 మార్కులు తగ్గాయని నమ్మిన తండ్రి 500 మిగుల్చుకోవడానికి చూస్తారా? 2025లో ఇదే బోర్డు రీవెరిఫికేషన్‌లో వేల జవాబు పత్రాల మార్కులు మారాయి, దిద్దినవారిలో కొందరు సస్పెండ్ కూడా అయ్యారు. పేపర్లలో, టీవీల్లో రోజుల తరబడి వచ్చిన సంగతి అది. స్కూల్లో హెడ్మాస్టర్‌ని ‘ఈ రెంటికీ తేడా ఏమిటండీ’ అని ఒక్క మాట అడిగి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

సరే, ఆ రీవెరిఫికేషన్ దరఖాస్తు గడువు దాటిపోయింది. ఇప్పుడు కోర్టు గడువు సంగతి. మీ గుమాస్తా గారు చెప్పిన రెండేళ్లు వినియోగదారుల చట్టంలో ఉన్న మాట నిజమే. కానీ పరీక్షలు పెట్టే బోర్డు సేవలు అమ్మే సంస్థ కాదని, విద్యార్థి వినియోగదారుడు కాడని సుప్రీంకోర్టు 2009లోనే బిహార్ స్కూల్ ఎగ్జామినేషన్ బోర్డు కేసులో తేల్చేసింది. ఆ కోర్టుకు వెళితే మీ ఫిర్యాదు నిలవదు. నిలవదని తెలిసేలోపు అసలైన గడువు దాటిపోతుంది.

ఆ అసలు గడువు కేసు ఎన్నాళ్లలో వేయాలో చెప్పే ఏ లిమిటేషన్ చట్టంలోనూ లేదు. అది బోర్డు స్టోర్‌రూమ్‌లో జవాబు పత్రాల కట్టలు ఎన్నాళ్లుంటాయన్న దాన్ని బట్టి ఉంటుంది. దిద్దిన పత్రాలను పరీక్షల బోర్డులు కొంతకాలమే దాచి, తర్వాత తీసేస్తాయి. 2011లో ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు విద్యార్థికి తన జవాబు పత్రం చూసుకునే, కాపీ తీసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద ఉందని చెప్పింది. ఈ సగం అందరికీ తెలుసు. రెండో సగం చాలామంది చదవరు. నిబంధనల ప్రకారం దాచాల్సిన కాలం అయిపోయి పత్రం తీసేశాక అడిగితే ఇవ్వడానికి ఏమీ ఉండదని, ఈ చట్టం కోసం ఎక్కువ కాలం దాచాల్సిన బాధ్యత లేదని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ కేసులో సీబీఎస్ఈ పెట్టుకున్న గడువు మూడు నెలలే. మీకు రెండున్నర నెలలు ఇప్పటికే గడిచాయి. కాబట్టి ఈ జవాబు చదివాక చేయాల్సిన మొదటి పని రేపు ఉదయానికి వాయిదా వేయకండి.

ప్రభుత్వ పరీక్షల డైరెక్టర్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారి పేరు మీద ఒక దరఖాస్తు రాయండి. 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ జత చేయండి. దరఖాస్తు అమ్మాయి పేరునే ఉండాలి, ఆమె సంతకంతో పాటు తండ్రిగా మీ సంతకం కూడా ఉండాలి. ఒక్క మీ పేరుతో పెడితే ‘ఇది మూడో వ్యక్తి సమాచారం’ అని తిప్పి పంపే అవకాశం ఇచ్చినట్టవుతుంది. హాల్ టికెట్, మెమో, రీకౌంటింగ్ రసీదుల జిరాక్స్‌లు పెట్టండి. అడగాల్సినవి ఇవి: గ్రాఫ్ షీటు, అదనపు పేజీలతో సహా లెక్కల జవాబు పత్రం ధ్రువీకరించిన కాపీ, ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులు వేశారో నమోదు చేసిన షీటు, రీకౌంటింగ్‌లో ఏం చూశారో రాసుకున్న రికార్డు, జవాబు పత్రాలు ఎన్నాళ్లు భద్రపరచాలన్న నిబంధన, ఈ పత్రం తీసేయడానికి నిర్ణయించిన తేదీ.

దిద్దిన టీచర్ పేరు మాత్రం అడగకండి. పేపర్ దిద్దినవారి వివరాలు బయటపెట్టనక్కర్లేదని ఆ 2011 తీర్పులోనే ఉంది. ఆ ఒక్క ప్రశ్న పెడితే దాన్ని సాకుగా చూపి మిగతా వాటిని కూడా సాగదీస్తారు. ఆయన మీద కేసు అన్నారు కదా, వదిలేయండి. ఆయన మీద చర్య తీసుకోవాలా వద్దా అన్నది శాఖ చూసుకునే పని. మీరు సాధించాల్సింది మార్కులు.

అదే రోజు డైరెక్టర్‌కు ఇంకో ఉత్తరం వేరుగా పంపండి. ‘ఈ హాల్ టికెట్ నంబరు గల విద్యార్థిని లెక్కల జవాబు పత్రంపై వివాదం ఉంది, చివరి సెక్షన్ జవాబులు దిద్దలేదని అనుమానిస్తున్నాం, మేం హైకోర్టుకు వెళ్లబోతున్నాం, పత్రాన్ని తీసేయకుండా భద్రపరచండి’ అని నాలుగు వాక్యాలు చాలు. ఏడుపులు, శాపనార్థాలు వద్దు. రెండూ స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. వీలైతే మీరే వెళ్లి ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఆ తర్వాత కూడా పత్రం తీసేస్తే జవాబు చెప్పుకోవాల్సింది వాళ్లు. ఈ ఉత్తరం లేకుండా తీసేస్తే నిబంధన ప్రకారమే చేశామంటారు, కోర్టు కూడా కాదనదు.

సమాచారం ఇవ్వడానికి చట్టం 30 రోజులిస్తుంది. ఇవ్వకపోతే 30 రోజుల్లో మొదటి అప్పీలు, దాని తర్వాత 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. మామూలు కేసుల్లో ఈ మెట్లన్నీ ఎక్కమనే చెప్తాను. మీకంత తీరిక లేదు. నెల చూడండి, కాపీ రాకపోతే పోస్టు రసీదులు పట్టుకుని హైకోర్టులో రిట్ (ప్రభుత్వ సంస్థకు ఆదేశాలివ్వమని కోరే పిటిషన్) వేయండి. మార్కుల తేడా, ‘నో ఛేంజ్’ సమాధానం, కాపీ అడిగినా ఇవ్వని తీరు చూపిస్తే పత్రాన్ని తెప్పించి చూడమని కోర్టును అడగొచ్చు. రిట్‌కు ఇన్ని రోజుల్లోనే రావాలన్న లెక్క లేదు. కానీ ‘ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు’ అన్న ప్రశ్న మొదటి రోజే వస్తుంది, దానికి ఆ రసీదులే మీ సమాధానం.

రిట్‌లో ఏం అడుగుతున్నారన్న దాని మీదే గెలుపోటములు. ‘వేరే టీచర్ చేత మళ్లీ దిద్దించండి’ అని అడిగారా, ఓడిపోయారన్నమాటే. నిబంధనల్లో రీవాల్యుయేషన్ లేనప్పుడు దాన్ని హక్కుగా అడగలేరని సుప్రీంకోర్టు 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులోనే చెప్పింది. రణ్ విజయ్ సింగ్ కేసులో ఇంకాస్త ముందుకెళ్లి, మళ్లీ దిద్దించాలా వద్దా అన్న విషయంలో సానుభూతికి, జాలికి చోటు లేదని తేల్చేసింది. అందుకే పిల్ల అన్నం తినకపోవడం గురించి పిటిషన్‌లో పేరాలు పేరాలు రాయించకండి. ఇంట్లో ఆ పిల్లను చూసుకోవడం వేరే సంగతి, అది తప్పకుండా చూసుకోండి, అవసరమైతే డాక్టరుకు చూపించండి.

మీరు అడగాల్సింది వేరు: ‘రాసిన జవాబులు దిద్దకుండా వదిలేశారు, వాటిని దిద్ది మార్కులు కలపండి.’ ఎనిమిదికి మూడు వేశారు, ఆరు వేయాల్సింది అన్నది అభిప్రాయ భేదం, అందులో కోర్టు వేలు పెట్టదు. జవాబు మీద ఎర్ర సిరా గీతే లేకపోవడం అభిప్రాయం కాదు, కళ్లకు కనిపించే తప్పు. దాన్ని చూపిస్తే కోర్టు ఊరుకోదు. కాపీ వచ్చాక పేజీ పేజీ తిప్పి దిద్దని జవాబు ఒక్కటి కూడా లేదని తేలితే మాత్రం అక్కడితో ఆపేయండి. 53 నిజంగానే 53 కావచ్చు. ప్రీఫైనల్‌లో వచ్చిన 94, సార్లు ఇచ్చే సర్టిఫికెట్ పబ్లిక్ పరీక్షలో ఏం రాసిందో చెప్పలేవు. అవి సాక్ష్యం కిందకు రావు. ఈలోగా అమ్మాయి చేత ఒక పని చేయించండి. ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, ఏ ప్రశ్నకు జవాబు బుక్‌లెట్‌లో ఎక్కడ రాసిందో, గ్రాఫ్ షీటు కట్టిందో లేదో గుర్తున్నంత వరకు రాయించండి. కాపీ వచ్చినప్పుడు ఏ పేజీ మాయమైందో పట్టుకోవడానికి పనికొస్తుంది.

ఆ 60 వేల మనిషి గురించి. ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వకండి. బోర్డు రికార్డులో అంకె మారకుండా ఆయన తెచ్చేది దొంగ మెమో. ట్రిపుల్ ఐటీ వాళ్లు సర్టిఫికెట్ల పరిశీలనలో బోర్డు డేటాతో సరిచూస్తారు, అక్కడే దొరుకుతుంది. దొంగ పత్రం సృష్టించడం, దాన్ని అసలుదని వాడడం భారతీయ న్యాయ సంహితలో 336, 340 సెక్షన్ల కింద నేరాలు. మెమో ఎవరి పేరు మీద ఉంటుంది? మీ అమ్మాయి పేరు మీద. ఒకవేళ నిజంగానే లోపలి మనిషికి డబ్బిచ్చి మార్పిస్తే అది లంచం. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత లంచం ఇచ్చినవారికీ ఏడేళ్ల దాకా జైలు ఉంది. పైగా ఇప్పుడు మీ దగ్గర నిజమైన కేసు ఉండే అవకాశం ఉంది. ఆ డబ్బు చేతులు మారిన మరుక్షణం, రేపు కోర్టు ఆదేశంతో మార్కులు న్యాయంగా పెరిగినా ఎవరూ నమ్మరు. ఆయనతో ఫోన్లు, వాట్సాప్ మెసేజ్‌లు కూడా ఆపేయండి.

ఇక సీటు. మార్కులు పెరిగినంత మాత్రాన సీటు దానంతటదే రాదు. రిట్‌లో ప్రభుత్వాన్ని, పరీక్షల డైరెక్టర్‌ను మాత్రమే చేర్చి ట్రిపుల్ ఐటీలను నడిపే ఆర్జీయూకేటీని ప్రతివాదిగా చేర్చకపోతే, కోర్టు ఇచ్చే ఉత్తర్వు ఆ విశ్వవిద్యాలయానికి వర్తించదు. చాలామంది చేసే పొరపాటు ఇది. వాళ్లనూ చేర్చి, ‘సవరించిన మార్కులతో మా దరఖాస్తును మళ్లీ పరిశీలించాలి, అప్పటిదాకా ఒక సీటు ఖాళీగా ఉంచాలి’ అని మధ్యంతర ఉత్తర్వు అడగండి. 93 నిజమైతే మొత్తం 575 అవుతుంది. ప్రభుత్వ బడిలో చదివినందుకు ఇచ్చే 4 శాతం వెసులుబాటు దానికి తోడవుతుంది కాబట్టి అడగదగిన కేసే. తన తప్పు లేకుండా సీటు పోగొట్టుకున్న విద్యార్థి ఆలస్యం చేయకుండా కోర్టుకొస్తే అరుదైన సందర్భాల్లో సీటు ఇప్పించవచ్చని 2019లో కృష్ణ శ్రద్ధ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే, కాకపోతే ఎంబీబీఎస్ సీటుది. ఆ తీర్పులో కూడా ‘ఆలస్యం చేయకుండా’ అన్న షరతే బరువైనది.

హైకోర్టంటే ఖర్చని వెనకాడకండి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ చెబుతోంది. అమ్మాయి పేరున, సంరక్షకుడిగా మీరు సంతకం చేసి దరఖాస్తు పెట్టండి. మీ దగ్గర్లోని కోర్టు ఆవరణలో న్యాయ సేవల సంస్థ వాళ్లుంటారు. అక్కడ ఇస్తే హైకోర్టు కమిటీకి పంపుతారు, లేదా అమరావతి వెళ్లి హైకోర్టు న్యాయ సేవల కమిటీ దగ్గరే ఇవ్వొచ్చు.

కేసు తేలేదాకా పిల్లను ఇంట్లో కూర్చోబెట్టకండి. ఈ వారమే ఇంటర్ ఎంపీసీలో చేర్పించండి. చేరినందువల్ల మీ కేసు బలహీనపడదు. అయితే కాలేజీలో అసలు మెమో, టీసీ ఇచ్చేటప్పుడు రసీదు రాయించుకుని, రంగు జిరాక్స్‌లు రెండు సెట్లు దగ్గర ఉంచుకోండి. రిట్ వేసే రోజు వకీలు మొదట అడిగేవి అవే.