టెన్నిస్ ఆడే అమ్మాయి వీడియోలు ఆన్‌లైన్‌లో పెడితే కాలేజీ కోచ్‌ల కంట పడుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండీ: అమ్మాయి అమెరికాలో తొమ్మిదో తరగతి చదువుతోంది, టెన్నిస్ బాగా ఆడుతుంది. అకాడమీలో తోటి తల్లిదండ్రులు పిల్లల పేరు మీద ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ ఖాతాలు తెరిచి రోజుకో వీడియో పెడుతున్నారు. మనం పెట్టకపోతే వెనకబడిపోతామేమో అని మీకు టెన్షన్. మేముండేది డల్లాస్ దగ్గర. మా అమ్మాయి కూడా ఈ దారిలోనే వెళ్లి ఇప్పుడు ఒక డివిజన్ 3 కాలేజీ జట్టులో ఆడుతోంది (అమెరికా కాలేజీ ఆటల్లో మూడు స్థాయిలుంటాయి, డివిజన్ 1 పైది). అప్పుడు చూసినవీ, చేసినవీ చెబుతాను.

ఖాతా తెరవండి, అందులో తప్పేమీ లేదు. అయితే టెన్నిస్ కోచ్‌లు ఇన్‌స్టాగ్రామ్ తిరగేస్తూ పిల్లల్ని వెతుక్కోరు. ముందు చూసేది యూటీఆర్, అంటే ఆటగాళ్ల స్థాయి చెప్పే రేటింగ్. అది 1 నుంచి 16.5 వరకు ఉంటుంది. ఎవరితో ఆడింది, ఎంత తేడాతో గెలిచింది, ఓడింది అన్నదాన్ని బట్టి మారుతుంది. దాని తర్వాత యూఎస్‌టీఏ (అమెరికా టెన్నిస్ సంఘం) టోర్నమెంట్ ఫలితాలు, వాటి లెవెల్. ఆ తర్వాత మార్కులు. ఇవన్నీ తమ జట్టుకు సరిపోయేలా ఉన్నాయనిపిస్తేనే వీడియో తెరుస్తారు. అంటే వీడియో చూసి పిల్లను కనుక్కోవడం కాదు, ముందే కనుక్కున్న పిల్ల ఎలా ఆడుతుందో చూసుకోవడం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పరిస్థితి వేరు, అక్కడ ఎక్స్‌లో పెట్టే క్లిప్పులకు నిజంగానే విలువ ఉంది. ఆ పిల్లల తల్లిదండ్రులు చెప్పే సలహా టెన్నిస్‌కి అలాగే పట్టుకొస్తే ఉపయోగం ఉండదు.

పోటీ ఎంత గట్టిదో కూడా తెలిసి ఉండాలి. హైస్కూల్లో ఏదో ఒక ఆట ఆడే పిల్లల్లో కాలేజీ జట్లకు వెళ్లేది సుమారు 7 శాతం మందే అని కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ లెక్కలు చెబుతాయి, డివిజన్ 1కి వెళ్లేది ఇంకా తక్కువమందే. డివిజన్ 1 టెన్నిస్‌లో సగానికి పైగా విదేశాల నుంచి వచ్చినవాళ్లే. 2025 జూన్‌లో హౌస్ కేసు (కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావా) సెటిల్‌మెంట్‌కు కోర్టు ఆమోదం వచ్చాక, అందులో చేరిన కాలేజీల్లో స్కాలర్‌షిప్పుల సంఖ్య మీద పరిమితి పోయి, జట్టులో ఎంతమంది ఉండాలన్న పరిమితి వచ్చింది. టెన్నిస్‌కి అది 10 మంది. ఆ పదిలో ఒక చోటు కోసం ఎన్ని దేశాల పిల్లలు పోటీ పడుతున్నారో ఆలోచించండి. ఫాలోవర్ల సంఖ్య చూసి ఆ చోటు ఎవరూ ఇవ్వరు.

ఇంకొకటి, తొమ్మిదో తరగతిలో జవాబులు రాలేదని కంగారు పడకండి. టెన్నిస్‌లో డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి అయిపోయిన జూన్ 15 వరకు పిల్లలకు రిక్రూటింగ్ మెయిల్ గానీ, డీఎం (సోషల్ మీడియాలో నేరుగా మెసేజ్) గానీ పంపకూడదు. అమ్మాయి రాయొచ్చు, వాళ్లు చదవొచ్చు, జవాబుగా క్యాంప్ వివరాలో, ఒక ఫారమో మాత్రమే పంపగలరు. డివిజన్ 3లో ఈ గడువు లేదు, అక్కడి కోచ్‌లు ముందే మాట్లాడతారు. 2016 నుంచి డివిజన్ 1 కోచ్‌లు పిల్లల పోస్టులకు లైక్ కొట్టొచ్చు, షేర్ చేయొచ్చు, కామెంట్ మాత్రం రాయకూడదు. కోచ్ ఒక లైక్ కొట్టగానే వాట్సాప్ గ్రూపుల్లో శుభాకాంక్షలు మొదలవడం చూశాను. లైక్ అంటే ఆఫర్ కాదు. ఆ సంబరం తర్వాత ఏమీ జరగకపోతే పిల్ల మొహం చూడలేం.

అసలు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది వేరే ఉంది. మనవాళ్లం దీన్ని పెళ్లి బయోడేటాలా చూస్తాం. మా అమ్మాయి ఇంత ఎత్తు, ఇన్ని ట్రోఫీలు, చదువులో ఫస్ట్ అని మనమే రాసి మనమే పంపేస్తాం. కోచ్‌కి అమ్మానాన్నలతో పని లేదు. నాలుగేళ్లు బస్సులో, కోర్టులో తనతో ఉండబోయే మనిషి ఎలాంటిదో తెలియాలి. అందుకని మా ఇంట్లో మొదటి రోజే ఒక నియమం పెట్టుకున్నాం. కోచ్‌లకు వెళ్లే ప్రతి మాటా అమ్మాయే రాయాలి. నేను స్పెల్లింగ్ కూడా దిద్దలేదు. మా ఆయన వీడియో తీస్తారు, కాలేజీల పేర్లు, తేదీలు షీట్‌లో నేను చూసుకుంటాను, అంతే.

దాని వల్ల ఏం జరిగిందో చెబుతాను. ఒక కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు అక్కడి కోచ్ కూర్చోగానే, నీ మెయిల్ నువ్వే రాశావా అని అడిగింది. అమ్మాయి అవునంది. డబుల్స్‌లో ఓడిపోయిన ఒక మ్యాచ్ గురించి, నెట్ దగ్గర తను ఎందుకు ఆలస్యమవుతోందో దాని గురించి ఆ మెయిల్లో రాసుకుంది. నేనైతే ఆ ముక్క ఉంచనిచ్చేదాన్ని కాదు, ఓడిన సంగతి ఎందుకు చెప్పడం అనేదాన్ని. ఆ కోచ్ అరగంటసేపు దాని గురించే మాట్లాడింది. మమ్మల్ని అడిగింది మాత్రం ఫైనాన్షియల్ ఎయిడ్ ఫారాల గురించే. డివిజన్ 3లో ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, చదువుకీ, ఇంటి ఆదాయాన్ని బట్టీ ఇచ్చేదే ఉంటుంది. ఐవీ లీగ్ (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది కాలేజీలు) డివిజన్ 1లోనే ఉన్నా అక్కడ కూడా ఆటకు స్కాలర్‌షిప్ లేదు. ఈ సంగతి తెలియక ఏళ్ల తరబడి లక్షలు ఖర్చు పెట్టేస్తున్న కుటుంబాలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

వీడియో విషయానికొస్తే, పాట పెట్టకండి, స్లో మోషన్ వద్దు. బేస్‌లైన్ వెనక ఫెన్స్ మీద, వీలైనంత ఎత్తులో కెమెరా బిగించండి, కోర్టు మొత్తం కనబడాలి. మొదట్లో పేరు, ఏ సంవత్సరం హైస్కూల్ అయిపోతుంది, యూటీఆర్, మెయిల్. తర్వాత కొన్ని ఫోర్‌హ్యాండ్లు, బ్యాక్‌హ్యాండ్లు, రెండు వైపుల నుంచి సర్వ్, రిటర్న్, నెట్ ఆట. ఆ తర్వాత కోతలు లేకుండా కొన్ని గేమ్‌లు, పోగొట్టుకున్న పాయింట్లతో సహా. పాయింటు పోయాక పిల్ల ఎలా నడుస్తుంది, రాకెట్‌ని ఏం చేస్తుంది అన్నవి కూడా కోచ్‌లు చూస్తారు. యూట్యూబ్‌లో లింకు ఉన్నవాళ్లకే కనబడేలా పెట్టి, ఆ లింకు మెయిల్లో పంపితే చాలు. పంపే ముందు సౌండ్ పెట్టి ఒకసారి వినండి. పక్కన నిలబడి అరిచే నాన్న గొంతు, ప్రత్యర్థి మీద అమ్మ విసుర్లు అన్నీ రికార్డవుతాయి. వాటిని విన్న కోచ్ ఈ కుటుంబంతో నాలుగేళ్లు వేగగలమా అని ఆలోచించడా?

జూనియర్ టెన్నిస్‌లో చాలా మ్యాచ్‌లకు లైన్ కాల్స్ (బంతి గీత లోపల పడిందా, బయట పడిందా అన్నది) పిల్లలే చెప్పుకుంటారు కదా. తప్పు కాల్స్ వస్తాయి, కడుపు మండుతుంది. ఆ క్లిప్పు తీసి, గీత మీద ఎర్ర సున్నా చుట్టి, ఎదుటి పిల్ల మోసం చేసిందని పోస్టు పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అవతల ఉన్నది పద్నాలుగేళ్ల పిల్ల. ఆ పేరు వెతికితే ఏళ్ల తర్వాత కూడా ఆ వీడియోనే వస్తుంది. మీ అమ్మాయికీ మంచిది కాదు, ఎందుకంటే ఆ ఖాతా తన పేరు మీద ఉంది, ఆ మాటలు తనే అన్నట్టు లెక్క.

ఆడపిల్లల విషయంలో నాకు మరీ భయం. టెన్నిస్ స్కర్ట్ ఫోటోల కింద ముక్కూమొహం తెలియని మగవాళ్లు రాసే కామెంట్లు చూశాను, చదవలేం. 2024 సెప్టెంబర్ నుంచి ఇన్‌స్టాగ్రామ్ 18 ఏళ్ల లోపు పిల్లల ఖాతాలను మొదటి నుంచే ప్రైవేట్‌గా ఉంచుతోంది, 16 లోపువాళ్లు దాన్ని మార్చాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చే ముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఫలానా చోట రేపు ఆడుతున్నాం అని ముందే పెట్టకండి, టోర్నమెంట్ అయిపోయి ఇంటికొచ్చాక పెట్టండి. కామెంట్లు మూసేయండి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది అమ్మాయి ఇష్టం. వద్దంటే వద్దు.

మీరు హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నారో లేదో తెలియదు. ఉంటే ఇది కూడా గుర్తుంచుకోండి. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు పని చేసే అనుమతి ఉండదు. ఖాతా కాస్త పెరగగానే, పోస్టు పెడితే రాకెట్లు, బట్టలు, డబ్బు ఇస్తామని మెసేజ్‌లు వస్తాయి. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా దేనికీ ఒప్పుకోకండి.

డబ్బు తీసుకుని పిల్లల ప్రొఫైల్ కోచ్‌లకు పంపుతామనే కంపెనీలు ఫోన్ చేస్తాయి. మాకు ఫోన్ చేసినాయన ఫలితాలను కాస్త పెంచి రాద్దాం, అందరూ అలాగే రాస్తారు అన్నాడు. అక్కడితో ఫోన్ పెట్టేశాను. 2019లో బయటపడిన కాలేజీ అడ్మిషన్ల కుంభకోణం గుర్తుందా? ఆడని ఆటలు ఆడినట్టు ప్రొఫైళ్లు సృష్టించారు, తల్లిదండ్రులు జైలుకెళ్లారు, లంచాలు తీసుకున్న కోచ్‌లకూ శిక్షలు పడ్డాయి, వారిలో టెన్నిస్ కోచ్‌లూ ఉన్నారు. చిన్న అతిశయోక్తి అంత దూరం వెళ్లదు నిజమే. కానీ యూటీఆర్ అందరికీ కనబడుతుంది, కోచ్ ఒక్క నిమిషంలో సరిచూసుకుంటాడు.

ఈ ఏడాదికి మీరు చేయాల్సింది పెద్దగా లేదు. మంచి మ్యాచ్‌లు ఆడించండి, ఒకటి రెండు వీడియోలు దాచిపెట్టండి, డివిజన్ 1, 2ల్లో ఆడాలంటే ఎన్‌సీఏఏకి కావలసిన 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు లాంటి ముఖ్య సబ్జెక్టులు) తన క్లాసుల్లో పడుతున్నాయో లేదో స్కూల్ కౌన్సిలర్‌ని అడగండి. చివర్లో మీ అబ్బాయి బాడ్మింటన్ గురించి అడిగారు. బాడ్మింటన్ ఎన్‌సీఏఏ ఆటల్లో లేదు, క్రికెట్ కూడా లేదు, కాబట్టి ఈ గడువులూ, కోచ్‌లకు మెయిళ్లూ బాబుకి అక్కర్లేదు. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టే ఫారం) యాక్టివిటీస్ కోసం 10 చోట్లు ఉంటాయి, అందులో ఒకటి బాడ్మింటన్‌కి ఇచ్చి, ఎన్నేళ్లుగా ఎలా ఆడుతున్నాడో బాబునే రాసుకోమనండి.