పాత బండికి ఇంతేనా?

ప్రశ్న: నా పదేళ్ల కారు యాక్సిడెంట్‌లో నుజ్జయింది. రిపేరు దండగ, టోటల్ లాస్ అంటూ ఇన్సూరెన్స్ వాళ్లు ఇస్తామంటున్న డబ్బుకు అలాంటి బండి ఎక్కడా రాదు. సంతకం పెట్టమని ఒకటే ఫోన్లు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయను?

జవాబు: సంతకం మాత్రం ఇప్పుడే పెట్టకండి. ఫుల్ అండ్ ఫైనల్ అని రాసిచ్చాక మళ్లీ అడగడం చాలా కష్టం. ముందు పాలసీ తీసి చూడండి. బండి విలువ అందులో ముందే రాసుంటే వాదించి పెద్దగా లాభం లేదు, మార్కెట్ విలువ అని ఉంటే మాత్రం ఆ అంకె ఎలా తేల్చారో రిపోర్టు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. తప్పులు దొరికేది అక్కడే. టాప్ మోడల్‌ను బేసిక్ అని రాసేస్తారు, తిరిగిన కిలోమీటర్లు ఎక్కువ వేస్తారు, శుభ్రంగా ఉన్న బండికి కూడా కండిషన్ అంతంతమాత్రం అని కోత పెడతారు. అదే మోడల్, అదే సంవత్సరం, దాదాపు అన్నే కిలోమీటర్లు తిరిగిన బండ్ల అమ్మకం ప్రకటనలు నాలుగైదు జత చేయండి. కొత్త టైర్లు, ఇంజిన్ పని బిల్లులు కూడా పెట్టండి, ఖర్చంతా తిరిగి రాదు గానీ కండిషన్‌కు సాక్ష్యం అవుతాయి (ప్రేమగా చూసుకున్నందుకు మాత్రం ఎవరూ విలువ కట్టరు). నుజ్జయిన బండిని మీరే ఉంచుకుంటే ఇచ్చే డబ్బులోంచి దాని స్క్రాప్ విలువ కోసుకుని మిగతాది ఇస్తారు, అది ఎక్కువ చూపిస్తున్నారేమో గమనించండి. అప్పటికీ దిగిరాకపోతే సొంతంగా వాల్యూయర్‌తో లెక్క కట్టించి, ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి, ఆ తర్వాత అంబుడ్స్‌మన్ (ఇలాంటి ఫిర్యాదులు వినే స్వతంత్ర అధికారి) లాంటి చోటికి వెళ్లండి.