కొండమీద రోండా, అడుగున నీళ్లు

ప్రశ్న: స్పెయిన్‌లోని రోండాకు నిట్టనిలువు కొండచరియలే పెట్టనికోట కదా. అలాంటి ఊరు 1485లో ఎలా లొంగిపోయింది? చూడటానికి వెళ్తే ఆ చరిత్ర ఎక్కడ కనిపిస్తుంది? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: నీళ్ల దగ్గరే దెబ్బతిన్నది. ఊరు కొండ నెత్తిన ఉంటే, గ్వాదలెవీన్ నది ఎక్కడో అడుగున, ఎల్ తాహో అనే ఇరుకు లోయలో పారుతుంది. శత్రువు చుట్టుముడితే నదికి వెళ్లే దారి మూసుకుపోతుంది. అందుకే ముస్లిం పాలకుల కాలంలో కొండ లోపలి నుంచే నది దాకా మెట్లు తొలిచారు. దాన్ని లా మీనా అంటారు. క్రైస్తవ బందీలు ఆ మెట్ల మీద వరుసగా నిలబడి, నింపిన తోలుతిత్తులను చేతులు మార్చి పైకి అందించేవారని చెబుతారు. ‘రోండాలో తిత్తులు మోస్తూ చావు!’ అన్న తిట్టు అలా పుట్టిందే. ఒక్క తిట్టులో ఎంత బాధ ఉందో చూడండి! 1485లో క్రైస్తవ రాజు ఫెర్డినాండ్ సైన్యం ఒకవైపు ఫిరంగులతో గోడలు పగలగొడుతూనే మరోవైపు ఊరికి నీళ్లు అందకుండా చేసింది. మే 22న రోండా లొంగింది.

లా మీనాలోకి ‘కాసా దెల్ రేయ్ మోరో’ అనే ఇంటి తోటలోంచి దిగాలి. పేరుకు మూరు (అప్పటి స్పెయిన్ ముస్లింలను అలా పిలిచేవారు) రాజు ఇల్లే గానీ, ఆ భవనం 18వ శతాబ్దానిది. మెట్లు సుమారు 200. ఎగుడుదిగుడుగా, వెలుతురు తక్కువగా, చెమ్మతో జారుడుగా ఉంటాయి. పట్టున్న బూట్లు వేసుకోండి. దిగడం సులువే, ఎక్కేటప్పుడే మోకాళ్లకు తెలుస్తుంది. నొప్పులున్నవాళ్లు తోట చూసి ఆగిపోవడం మేలు.

వాళ్లు అరబ్ స్నానశాలలకు వెళ్లవచ్చు. అవి ఊరి గోడల బయట, పల్లంలో, నీటి ఒడ్డునే ఉన్నాయి. గాడిద తిప్పే చక్రంతో నీటిని బురుజు ఎత్తుకు తోడి, కాలువ గోడ మీదుగా లోపలికి పారించేవారు. చల్లని, గోరువెచ్చని, వేడి గదులు మూడూ వరుసగా ఉంటాయి. కప్పులోని నక్షత్రాకారపు కన్నాల్లోంచి పడే వెలుగు కోసం కాసేపు నిలబడాల్సిందే.

ప్రశ్న: అక్కడి పెద్ద వంతెన మూరులు కట్టిందేనా? (ఒక పాఠకుడు, కర్నూలు)

జవాబు: కాదు. 1735లో హడావుడిగా కట్టిన ఒంటికమాను వంతెన 1741లో కూలి, దాదాపు 50 మంది చనిపోయారు. ఇప్పుడున్న 98 మీటర్ల వంతెన పని 1751లో మొదలై 1793లో ముగిసింది. నడి కమాను పైనున్న గదిని జైలుగా వాడారు. వంతెన అసలు ఎత్తు పైనుంచి అంతుపట్టదు. మరియా ఆక్సిలియాదోరా చౌరస్తా నుంచి కిందికి వెళ్లే కాలిబాట పట్టండి.